ముప్పై ఎనిమిది శాతం

నగరికి కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లకు రాత్రిళ్లు మరమగ్గాల చప్పుడుకు నిద్ర పట్టదు. పాతవాళ్లకు ఆ చప్పుడు ఆగితే మెలకువ వస్తుంది. సత్రవాడలోనో ఏకాంబరకుప్పంలోనో నడిరేయి ఒక వీధి వీధంతా ఉన్నట్టుండి మూగబోతే, చీకట్లోనే ఎవరో ఒకరు "కరెంటు పోయినట్టుండాదే" అంటారు. ఎవరూ లేచి స్విచ్చి వేసి చూడరు.

అలా ఆగిన మగ్గం దగ్గరికి పోయి చూస్తే అడ్డపోగు మోసే నాడె పడుగు మధ్యలో చిక్కుకుని ఉంటుంది. ఒక్కోసారి పోగులు తెగి ఉంటాయి. వాటిని అతికి, కరెంటు వచ్చాక మళ్లీ నడిపితే, ఆగిన చోట పేక మరీ ఒత్తుగానో మరీ పలచగానో పడి గుడ్డకు అడ్డంగా గీత ఒకటి మిగులుతుంది. కట్టుకునేవాళ్లకు అది కనపడదు, కొనే వ్యాపారికి మాత్రం కనపడుతుంది. ధర అక్కడే దిగుతుంది. మా వీధిలో మగ్గాలు పెట్టుకున్న ఒక పెద్దాయన దీని గురించి ఎప్పుడూ ఒకటే మాట. "కోత పెడితే పెట్టనీ నాయినా. ఎప్పుడో చెప్తే నేనే ఆపుకుంటా గదా. నాడె పక్కకొచ్చినాక ఆపితే గుడ్డకేం గాదు." 2022లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించినప్పుడు తిట్టుకోనివాళ్లు లేరు. అయినా ఏప్రిల్ 8 నుంచి 22 దాకా అని తేదీలు చెప్పారు కాబట్టి కేలెండర్ మీద గీసుకోవడానికి ఏదో ఒకటి ఉండింది. ఏ రాత్రి ఏ గంటకు పోతుందో తెలియని కరెంటుకు అలాంటి గీత ఏదీ గీసుకోలేం.

ఈ మగ్గాల సంగతి ఇంతసేపు చెప్పడానికి కారణం, నా సైకిల్ హ్యాండిల్ మీద కూర్చునే ఒక చిన్న పెట్టె. దాన్ని కొందరు సైకిల్ కంప్యూటర్ అంటారు, మేం ఊరికే జీపీఎస్ అంటాం. అగ్గిపెట్టెకు పెద్దన్న లాంటి సైజు. ఎంత దూరం వచ్చాం, ఎంత వేగం, ఎంత ఎత్తు ఎక్కాం, నిమిషానికి పెడలు ఎన్నిసార్లు తిరిగింది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, గాలిలో వేడి ఎంత, అన్నీ చెబుతుంది. రోడ్డు ఎన్ని శాతం వాలుగా ఉందో నా మోకాళ్ల కంటే కాస్త ఆలస్యంగానైనా చెబుతుంది. ఇన్ని లెక్కలు తెలిసిన ఆ పెట్టెకు తనలో ఇంకా ఎంత ఊపిరి ఉందో మాత్రం తెలియదు. తెలియదని ఒప్పుకుంటే గొడవే లేదు. తెరమీద మూలన బ్యాటరీ బొమ్మ, దాని పక్కన అంకె. ఆ అంకెలో ఎక్కడా అనుమానం కనిపించదు.

ఎండాకాలంలో ఒకరోజు తిరుపతి నుంచి తిరిగొస్తున్నాను. వడమాలపేట దాటి అంజేరమ్మ కనుమ దగ్గరికి వచ్చేసరికి తెర మీద 38 శాతం ఉంది. నగరి చేరడానికి 38 శాతం చాలా ఎక్కువ. కనుమ ఎక్కుతూ ఇంకెంత ఉందా అని తల వంచి చూస్తే తెర నల్లగా ఉంది. ముందు హెచ్చరిక లేదు, కీచుమనలేదు. చెట్టు కింద ఆగి, నీళ్లు తాగి, మీట గట్టిగా నొక్కిపట్టుకుంటే వెలిగింది. 36 శాతం అంది. మధ్యలో చచ్చి బతికిన సంగతి తనకు తెలియనట్టే. పుత్తూరు చేరకముందే మళ్లీ ఆరిపోయింది. ఈసారి నేనూ పట్టించుకోలేదు. దాని కోసం తల వంచుకుని తొక్కి లారీ కింద పడితే ఎముకలు అతికే పుత్తూరు కట్టు ఎలాగూ పక్కనే ఉంది, కానీ ఆ సౌకర్యం వాడుకోవాలని నాకు లేదు.

ఇంటికి వచ్చాక చూస్తే ఆ రోజు ప్రయాణం రెండు ముక్కలు. ఈ పెట్టెలు దారి పొడవునా సెకను సెకనూ రాసుకుంటూ పోతాయి. ప్రయాణం ముగిశాక ఫైలు చివర ఒక సరిచూపు లెక్క వేసి మూస్తాయి. అది రెండు బైట్ల లెక్క, అంతే. కరెంటు హఠాత్తుగా తెగితే ఆ లెక్క పడదు, ఫైలు మూత పడదు. కొన్ని యాప్‌లు అలాంటి ఫైలును చెడిపోయిందని తిప్పి పంపుతాయి, కొన్ని సర్దుకుని తీసుకుంటాయి. సర్దుకున్నా ఆరిపోయిన చోటు నుంచి వెలిగిన చోటు దాకా పటం మీద ఒక తిన్నని గీత పడుతుంది. కనుమ మలుపులన్నీ కోసేసి, గుట్టల మీదుగా నేను ఎగిరిపోయినట్టు. ఆ గీత చూడగానే మా పెద్దాయన మగ్గం మీద గుడ్డ గుర్తొచ్చింది. ఎక్కడ ఆగిందో రెంటిలోనూ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకు ఆగిందో కనిపించదు.

ఎందుకో తెలుసుకోవడానికి మా ప్రాంతం కంటే మంచి చోటు లేదు. బ్యాటరీ మాకు కొత్త వస్తువు కాదు. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా కంపెనీ 1985 నాటిది. ఆ ఫ్యాక్టరీ పుణ్యమా అని బ్యాటరీల్లో పనిచేసే బంధువు ఒకరైనా లేని ఇల్లు ఈ చుట్టుపక్కల తక్కువ. అక్కడ తయారై పేరు తెచ్చుకున్నవి సీసం, ఆసిడ్ బ్యాటరీలు. కార్లలో, లారీల్లో, ఇళ్లలో ఇన్వర్టర్ల కింద ఉండేవి. బజార్లో బ్యాటరీ కొట్టుకు పోయి చార్జి ఎంతుందో చూడమంటే, కొట్టువాడు మూత తిప్పి రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో లోపలి ఆసిడ్ కాస్త పీలుస్తాడు. గొట్టంలో ఒక బుడిపె తేలుతుంది. 1.28 దగ్గర తేలితే నిండుగా ఉన్నట్టు, 1.15 దాకా మునిగితే పని అయిపోయినట్టు. ఆ బ్యాటరీలో ఆసిడే రసాయన చర్యలో పాలు పంచుకుంటుంది. కరెంటు వాడుకునేకొద్దీ ఆసిడ్ పలచబడుతుంది. అందుకే దాన్ని అడిగితే చాలు, నిజం చెబుతుంది.

లిథియం బ్యాటరీలో అలా అడగడానికి ఎవరూ లేరు. అందులో ద్రవం లిథియం అయాన్లను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటించే పని మాత్రమే చేస్తుంది. నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా అది దాదాపు అలాగే ఉంటుంది. ఇక మిగిలింది వోల్టేజీ. పూర్తిగా ఎక్కించినప్పుడు 4.2 వోల్టులు, అడుగంటితే 3కు అటూ ఇటూ. ఈ రెంటి మధ్య వోల్టేజీ మెట్లు దిగినట్టు సమంగా దిగితే ఎంత బాగుండును! అది మొదట కొంచెం దిగి, 3.7 చుట్టుపక్కల చాలాసేపు దాదాపు కదలకుండా ఉండి, చివర్లో బావిలోకి దూకినట్టు పడిపోతుంది. ఆ కదలని మధ్య భాగంలో 60కీ 40కీ తేడా పట్టుకోవాలంటే చాలా సన్నటి కొలత కావాలి. కాబట్టి మంచి యంత్రాలు లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని జమాఖర్చు రాసుకుంటాయి. జమాఖర్చులో చిన్న చిన్న తప్పులు రోజూ చేరతాయి. పైగా బ్యాటరీ ముసలిదయ్యేకొద్దీ దాని కడుపు చిన్నదవుతుంది. ఆ సంగతి లెక్క రాసేవాడికి వెంటనే అందదు.

ముసలితనంలో ఇంకో బాధ, లోపలి నిరోధం పెరగడం. ఊరికే ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పటం తిరగరాయాలి, తెర వెలుగు పెంచాలి, ఫోన్‌తో మాట్లాడాలి అని యంత్రం ఒక్కసారిగా కరెంటు అడిగితే వోల్టేజీ క్షణంపాటు కుంగుతుంది. హద్దు దాటి కుంగిందా, కాపలా సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. చెట్టు కింద కాసేపు ఊరుకోనిస్తే మళ్లీ తేరుకుంటుంది. కనుమ దగ్గర నాకు కనిపించిన 36 శాతం వెనకున్న కథ ఇదే. అబద్ధం చెప్పాలని యంత్రానికేం పట్టలేదు, ఊహను వాస్తవంలా చెప్పడం దానికి నేర్పారు. "30కి పైన ఉండొచ్చు, అంతకన్నా తెలియదు" అని రాసే యంత్రాన్ని ఎవరూ కొనరని కంపెనీలకు భయం కాబోలు. నేనైతే కొంటాను.

ఎండ గురించి వేరే చెప్పాలి. ఈ పెట్టెలు ఎక్కువగా చల్లటి దేశాల్లో వాడకానికి లెక్కవేసి చేసినవి. అక్కడివాళ్ల ఫిర్యాదులు మంచు గురించి, చలికి బ్యాటరీ మొండికేయడం గురించి. మాకు మేలో రేణిగుంట, తిరుపతి వైపు 40 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. నల్లటి పెట్టె, తలమీద నీడ లేకుండా, నెత్తిన సూర్యుడితో గంటల తరబడి కూర్చుంటే దాని లోపలి వేడి గాలి వేడి కంటే చాలా పైన ఉంటుంది. 45 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీకి చార్జి ఎక్కించకూడదన్నది మామూలు జాగ్రత్త, చాలా యంత్రాలు దాన్ని పాటిస్తాయి. అందుకే మధ్యాహ్నం పూట పవర్ బ్యాంకు తగిలిస్తే తెరమీద ప్లగ్గు బొమ్మ కనిపిస్తుంది గానీ అంకె కదలదు. తడిగుడ్డ కప్పి, టీకొట్టు నీడలో పెట్టి, జ్వరం తగ్గిందో లేదో ముట్టుకుని చూస్తూ కూర్చోవాలి. "ఏమన్నా, సెల్లుకు ఒళ్లు బాగలేదా?" అని టీకొట్టాయన అడిగాడు ఒకసారి. ఉన్నమాట అంతే.

పవర్ బ్యాంకు సంగతి ఇంకా విడ్డూరం. తీసుకునే కరెంటు మరీ తక్కువైతే అవతల ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు తమంతట తామే నిద్రపోతాయి. సెల్‌ఫోన్‌కు అలవాటు పడిన దానికి ఈ చిన్న పెట్టె ఆకలి లెక్కలోకి రాదు. పవర్ బ్యాంకు పడుకుంటుంది. కొన్ని జీపీఎస్‌లు వెంటనే "బయటి పవర్ పోయింది, పదిహేను సెకన్లలో ఆగిపోతున్నా" అని లెక్కపెట్టడం మొదలుపెడతాయి. సొంత బ్యాటరీ నిండుగా ఉన్నా సరే. కారు తాళం తీయగానే ఆగాలనే బుద్ధి ఏదో అక్కడినుంచి సైకిల్‌కు అంటుకున్నట్టుంది. లారీల మధ్య హ్యాండిల్ పట్టుకుని ఉన్నవాడు ఆ పదిహేను సెకన్లలో తెర చూడాలి, చూసి నొక్కాలి. చెప్పి పోవడమంటే మా పెద్దాయన కోరుకున్నది ఇలాంటిది మాత్రం కాదు.

చక్రం ఇరుసులో డైనమో పెట్టుకుంటే ఈ బాధలన్నీ తీరతాయని నా స్నేహితుడొకడి వాదన. అది 6 వోల్టులు, 3 వాట్లు ఇచ్చే సరుకు. చదును రోడ్డు మీద బాగా పనిచేస్తుంది. కనుమ ఎక్కేటప్పుడు వేగం పదికి పడిపోతే చార్జరుకు చాలినంత రాదు. అప్పుడు మళ్లీ బయటి పవర్ పోయిందని ఆ పదిహేను సెకన్ల పాట. మా నాయనవాళ్ల కాలంలో టైరుకు రాసుకుని తిరిగే డైనమో ఉండేది. సెకండ్ షో చూసి వస్తూ దాన్ని టైరు మీదికి వంచి తొక్కితే, తొక్కిన జోరును బట్టి దీపం. గట్టున కాలు ఆనిస్తే చీకటి. తొక్కడం బరువయ్యేది, రొద చేసేది, టైరు అరిగేది. అయినా దీపం ఎందుకు తగ్గిందని ఎవరూ ఎవరినీ అడగలేదు, కాళ్లకు తెలుసు.

ఇన్ని పడ్డాక నాకు చిరాకు తెప్పించేది బ్యాటరీ అయిపోవడం కూడా కాదు. దాన్ని కాపాడటానికి నేను చేసే సేవ. దూరం పోవాలనుకున్న రోజు ముందుగా తెర వెలుగు తగ్గిస్తాను. తర్వాత ఫోన్‌తో పొత్తు కత్తిరిస్తాను. గుండె పట్టీ తీసి సంచిలో వేస్తాను. నగరి నుంచి పళ్లిపట్టు వైపు సందు రోడ్లలోకి పోతే ఒక ఊరు ఆంధ్ర, దాని పక్క ఊరు తమిళనాడు. దారి తప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. సరిగ్గా అక్కడే బ్యాటరీ తింటోందని పటం ఆపేస్తాను. దారి చూపడానికి కొన్న యంత్రం దారి చూపకుండా ఉంటేనే సాయంత్రం దాకా బతుకుతుంది. చివరికి దాని మీద గడియారం, మూలన అంకె మిగులుతాయి. నేను రోడ్డు చూడటం మాని ఆ అంకెను చూస్తాను.

చెన్నై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి మీదుగా మా ఊరి గుండా తిరుపతికి తొక్కుకుంటూ పోయేవాళ్లు సెలవు రోజుల్లో కనిపిస్తుంటారు. వాళ్లలో బ్రెవే తొక్కేవాళ్లుంటే ఒక అట్టముక్క గురించి చెబుతారు. బ్రెవే అంటే పోటీ కాదు, గడువులోపల దూరం పూర్తిచేయడం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు. వీటన్నిటిలో పేరుమోసింది ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్, 1200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. 1891లో మొదలైంది. దారిలో నియమించిన చోట్ల ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ సంప్రదాయంలో రుజువు ఆ కార్డే. ఒక్క చార్జితో 40 గంటలు నిలబడే పెట్టెలు తక్కువ, 90 గంటలు నిలబడేవి మరీ తక్కువ. చెమటకు తడిసి మెత్తబడినా కార్డు మీది ముద్ర చెరగదు. మా కుర్రాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. యాప్‌లో ఎక్కని రైడు తొక్కినట్టే కాదని వాళ్ల లెక్క. వాళ్లను తప్పుపట్టలేను, తిన్నని గీత పడిన రోజు నాకూ ఆ మలుపులు ఎవరో దొంగిలించినట్టే అనిపించింది.

పైనున్నవాటికి ఈ చార్జి కష్టం లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున సోలార్ పలకల మీద బతుకుతూ, తామెక్కడున్నదీ, టైమెంతైందీ చెబుతూ తిరుగుతుంటాయి. నా పెట్టె వింటుంది, బదులు పలకదు. కిందికి చేరేసరికి ఆ పిలుపు ఎంత బలహీనమంటే, దాన్ని రొదలోంచి ఏరుకోవడమే ఒక పని. ఈ పనికి మన సొంత ఏర్పాటు నావిక్. దాని మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పోయింది. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి మా పక్కింటి సరుకే అనుకోవచ్చు. కొన్నేళ్లకే ఆ ఉపగ్రహంలో ఉన్న మూడు రుబీడియం గడియారాలూ ఆగిపోయాయి. గడియారం లేని ఉపగ్రహం దారి చెప్పలేదు. దేశంలోనే చేసిన సొంత గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది 2023 మేలో. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02 పోయింది. ఇంజన్‌కు ఆక్సిడైజర్ అందించే వాల్వులు తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. అప్పుడు ఇస్రో ఇచ్చిన ప్రకటనలో నాకు బాగా గుర్తున్న మాట, సోలార్ పలకలు విచ్చుకున్నాయనీ కరెంటు ఉత్పత్తి సవ్యంగా ఉందనీ. అంత పైన, పనే లేని చోట, పవర్‌కు లోటు లేదు.

ఇవేవీ లేని రోజుల్లో మద్రాసు రేవుకు వచ్చే ఓడలకు మా ఊరి కొండే జీపీఎస్. ఇంగ్లీషువాళ్ల పటాల్లో దాని పేరు నగరి ముక్కు. సముద్రం మీదినుంచి ఆ ముక్కు కనిపిస్తే తీరం ఏ వైపో నావికులకు అర్థమయ్యేది. మబ్బు పడితే అదీ కనపడదనుకోండి. కనపడనప్పుడు ఉన్నట్టు నటించదు, అదొక్కటే దాని గొప్ప.

నా పెట్టెను చేసిన కంపెనీని అడిగితే, బ్యాటరీ మార్చడం కుదరదు, కొత్తది కొనుక్కుంటే తగ్గింపు ఇస్తాం అన్నారు. నీళ్లు పోకుండా జిగురుతో అతికించేశారట. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. నీళ్లలో తడిసే వస్తువులకు అందులో కొన్ని మినహాయింపులున్నాయి, కాబట్టి ఆ సందులోంచి ఈ పెట్టెలు జారిపోతాయేమోనని నా అనుమానం. 2022 సెప్టెంబరులో తిరుపతిలోనే లిథియం సెల్ ఫ్యాక్టరీ ఒకటి ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది, చెన్నైవాళ్ల మునోత్ ఇండస్ట్రీస్‌ది. రోజుకు పది ఆంపియర్-అవర్ల సెల్లులు ఇరవై వేలు చేయగలదని అప్పుడు చెప్పారు. నాకు కావలసింది అందులో పదో వంతు సైజుది, ఒక్కటి. అది కొనడం కష్టం కాలేదు, పెట్టె మూత తీసేవాడు దొరకడమే కష్టమైంది.

చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కుర్రాడు ఒప్పుకున్నాడు. "తెరిచేదానికి నాది పూచీ సార్. మూసినాక నీళ్లు పోవని మాత్రం చెప్పలేను. వానలో తడపాకండి" అన్నాడు. ఆ పని గురించి నేను విన్న మొదటి నిజాయితీ మాట అదే. వేడిగాలి పట్టి జిగురు కరిగించి, మూత లేపి, ఉబ్బి దిండులా ఉన్న పాత సెల్లు తీసి నా చేతిలో పెట్టాడు. కొత్తది అతికాడు.

వారం తిరక్కుండా మళ్లీ అతని కొట్టుకు పోయాను. ఈసారి యంత్రం ఉల్టా అయింది. గంటల తరబడి తొక్కాక, బ్యాటరీ ఇంకా ఉండగానే సున్నా అంటోంది. సున్నా అంటూనే ఇంకా రెండు గంటలు నడుస్తోంది. కుర్రాడు తెర చూసి, "దాని తలకాయలో పాత బ్యాటరీ లెక్కే ఉండాది సార్. కొత్తదాని కడుపు ఎంతో దానికి తెలవద్దా? నిండా ఎక్కించండి, తనంతట తాను ఆరిపోయేదాకా వదిలేయండి. రెండు మూడు సార్లు అట్ట చేస్తే నేర్చుకుంటాది" అన్నాడు. అది సరైన వైద్యమే.

కాబట్టి ఇప్పుడు ఆదివారం పొద్దున్నే దాన్ని బల్ల మీద పెట్టి, వెలుగు నిండుగా పెంచి, ఆరిపోయేదాకా అలా ఉండమని వదిలేస్తున్నాను. నేను సైకిల్ తీసుకుని పుత్తూరు మీదుగా కార్వేటినగరం దాకా పోయి, కోనేటి గట్టున ఇడ్లీ తిని వస్తున్నాను. ఎంత ఎక్కానో, ఎంత వేగంతో పోయానో నన్ను అడగొద్దు. ఇంట్లో ఉన్న పెట్టెను అడిగితే పొద్దుట్నుంచి సున్నా కిలోమీటర్లు అంటుంది. బ్యాటరీ మాత్రం 61 శాతం ఉందంటోంది.